ఉక్కు తొట్టికి రబ్బరు కవచం

రసాయన పరిశ్రమకు ఆమ్లాన్ని తయారుచేయడం ఎంత కష్టమైందో, దానిని నిల్వచేయడమూ అంత కష్టమైంది. 1746లో బర్మింగ్‌హామ్‌లో జాన్ రోబక్ సీసపు గదులలో గంధకామ్లాన్ని తయారుచేసి ఒక దారి చూపినా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉక్కును కరిగించి హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది కనుక, దానిని చిరకాలం గాజు బుడ్లలోను, పింగాణీ జాడీలలోను నింపి పంపవలసి వచ్చింది.

ఆ ఆమ్లానికి తట్టుకొనే పదార్థం మాత్రం చాలా ముందే దొరికింది. పచ్చి రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే దృఢత్వమూ సాగే గుణమూ నిలకడగా వస్తాయని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గుర్తించాడు. ఈ ప్రక్రియకే వల్కనీకరణమని పేరు. గంధకం పాలు బాగా పెంచితే కొయ్యలా గట్టిపడే ఎబొనైట్ తయారవుతుంది. దీనికి 1851లో అతని సోదరుడు నెల్సన్ గుడ్‌ఇయర్ పేటెంటు పొందాడు. ఎబొనైట్ ఉక్కును గట్టిగా పట్టుకొంటుంది గాని దెబ్బ తగిలితే పగులుతుంది. మెత్తని రబ్బరు పగలదు గాని లోహాన్ని అంటిపెట్టుకొని ఉండదు. అందువల్ల తీరవలసిన చిక్కు రబ్బరుది కాదు, అతుకుది.

ఆ చిక్కు 1920లలో అమెరికాలోని అక్రాన్ నగరంలో విడిపోయింది. బి. ఎఫ్. గుడ్‌రిచ్ సంస్థలో హ్యారీ ఎల్. ఫిషర్ రబ్బరును సల్ఫోనిక్ ఆమ్లాలతో వేడిచేసి, లోహానికీ రబ్బరుకూ బలంగా అంటుకొనే కొత్త పదార్థాలను రూపొందించగా, వాటి ఆధారంగా వల్కలాక్ అనే అతికింపు పద్ధతి వచ్చింది. రబ్బరు పొర వేసిన రైలు ట్యాంకర్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం దూరప్రాంతాలకు తరలడం మొదలైంది.

పని వరుస నేటికీ పెద్దగా మారలేదు. పదునైన రేణువులను గాలి ఒత్తిడితో చిమ్మి, ఉక్కు మీది తుప్పునంతా రాల్చి, పైపొరను గరుకుగా చేసి, వెంటనే ప్రైమరు, జిగురు పూస్తారు. పైన రబ్బరు షీటు పరచి, అంచులను ఏటవాలుగా కోసి ఒకదానిపై ఒకటి ఎక్కించి, గాలి బుడగ మిగలకుండా చేతి రోలరుతో ఒత్తుతారు. తరువాత ఆటోక్లేవ్ అనే పీడన పాత్రలో ఆవిరితో ఉడికిస్తారు. చివరగా అధిక వోల్టేజి బ్రష్షును పొరపై నడిపిస్తే, సూదిమొనంత రంధ్రమున్నా అక్కడ నిప్పురవ్వ దూకి లోపాన్ని పట్టిస్తుంది.

1930లలో నియోప్రీన్, బ్యూటైల్ వంటి కృత్రిమ రబ్బర్లు రావడంతో ఈ విద్య పరిధి పెరిగింది. నైట్రిక్ ఆమ్లం వంటి తీవ్ర ఆక్సీకారకాలకు మాత్రం సహజ రబ్బరు నేటికీ పనికిరాదు. భారతదేశంలో ఈ పనికి ఐ.ఎస్. 4682 ప్రమాణం అమలులో ఉంది. విద్యుత్ కేంద్రాలలో బాయిలరు నీటి నుంచి లవణాలు తొలగించే పాత్రలకు ఈ పొరే రక్ష. రబ్బరు ఎంత మేలైనదైనా, ఉక్కును శుభ్రం చేసే కార్మికుని శ్రద్ధను బట్టే పొర ఆయుష్షు ఉంటుంది. ఆ నైపుణ్యానికి తగిన శిక్షణ, గౌరవం ఇవ్వడం పరిశ్రమ బాధ్యత.