సిడ్నీకి ముందటి పదేళ్లు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బలం గురించి ఎవరు రాసినా కథ ఒక్క తీరునే నడుస్తుంది. వీరఘట్టంలో కోడి రామ్మూర్తి నాయుడు పుట్టారు, ఉక్కు గొలుసులు తెంచారు, ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకున్నారు. ఆ గాలి పీల్చిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి వెయిట్ లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చింది. మధ్యలో ఉన్న దశాబ్దాలను ‘బలశాలుల గడ్డ’ అన్న ఒక్క మాటతో దాటేస్తారు. ఈ వంశవృక్షాన్ని నేనూ చాలాకాలం నమ్మాను. తేదీలూ బరువులూ పక్కపక్కన పెట్టుకుని చూశాక నమ్మకం సడలింది.

రామ్మూర్తి నాయుడి జీవితం అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 1880లలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, సర్కస్ కంపెనీతో దేశదేశాలు తిరిగారు. 1942లో పోయారు. ప్రపంచ ప్రసిద్ధ బలప్రదర్శకుడు యూజిన్ శాండో భారతదేశానికి వచ్చి వెళ్లింది 1904-05లో. బలాన్ని టికెట్టు కొని చూసే కాలం అది. ఊళ్లలో తాలింఖానాలుండేవి, సంక్రాంతికి సంగిడి రాళ్లెత్తే పోటీలుండేవి. వాటి గొప్ప వాటిదే.

కానీ వెయిట్ లిఫ్టింగ్ వేరే విద్య. సంగిడి ఎత్తేవాడికి శరీర బరువు విభాగం లేదు, మూడే ప్రయత్నాలన్న నియమం లేదు. బార్‌ను ఒక్క ఎత్తులో తలపైకి లేపే స్నాచ్ చేసే పిల్ల చేతుల్ని దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. బొటనవేలిని బార్‌కు ఆనించి, మిగతా వేళ్లు దాని మీదుగా బిగిస్తుంది. కొత్తలో ఆ వేలు చచ్చేంత నొప్పి పెడుతుంది, అరచేతుల తోలు లేచిపోతుంది. బార్ మోకాళ్లు దాటేదాకా ఓపిక పట్టాలి, దాటాక ఒక్క ఊపు. ఆ ఊపుకి బార్ ఇంకా పైకి పోతుండగానే మనిషి దాని కిందికి దూరాలి. ఈ దూరడాన్ని నేర్పేవాళ్లుండాలి, రోజూ పక్కన నిలబడి తప్పు చూపాలి. గొలుసులు తెంచే విద్యలో ఇది లేదు. పైగా ఆ పాత సంప్రదాయంలో ఆడపిల్లకు చోటే లేదు. ఆంధ్రదేశంలో బార్ పట్టిన తొలితరం పేర్లు తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది కృష్ణా జిల్లా వైపు దండమూడి రాజగోపాల్, ‘నర్తనశాల’లో భీముడు. మన వైపు మనిషి కాదు.

మరి 1990ల మధ్యలో ప్రపంచ విజేత ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి ఎలా వచ్చింది? నా ఉద్దేశంలో జవాబు 1987కూ 1996కూ మధ్య ఉంది. రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసే కాలం కూడా అదే.

పురుషుల వెయిట్ లిఫ్టింగ్ 1896లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మహిళలకు మొదటి ప్రపంచ పోటీ 1987లో, అమెరికాలోని డేటోనా బీచ్‌లో జరిగింది. అంటే మల్లేశ్వరి పన్నెండో ఏట నీలంశెట్టి అప్పన్న దగ్గర శిక్షణ మొదలుపెట్టే నాటికి ఆ ఆట ప్రపంచానికే కొత్త. పురుషుల ఆటలో సోవియట్ యూనియన్, బల్గేరియా దశాబ్దాలుగా పోగుచేసుకున్న అనుభవాన్ని చిన్న జిల్లా అందుకోలేదు. మహిళల ఆటలో అందరూ ఇంచుమించు ఒకే గీత దగ్గర నిలబడ్డారు. తలుపు తెరుచుకున్న ఆ కాస్త సమయంలో లోపలికి అడుగుపెట్టిన ఊరు ఊసవానిపేట.

ఈ వాదానికి అడ్డుపడేవి రెండున్నాయి, దాచను. మొదటిది చైనా. ఆ దేశపు అమ్మాయిలు మొదటి నుంచీ కొండలా నిలబడ్డారు, కాబట్టి మనవాళ్లు ఖాళీ మైదానంలో గెలిచారనడం తప్పు. రెండోది మణిపూర్. కుంజరాణి దేవి 1989లోనే మాంచెస్టర్ ప్రపంచ పోటీల్లో రజతాలు గెలిచింది. తలుపు మనకొక్కరికే తెరుచుకోలేదు. నిజమే. కానీ అది తెరుచుకున్నప్పుడు దేశంలో వేలాది ఊళ్లు గడప ఇవతలే ఉండిపోయాయి. దాటినచోట ఏముందో చూడాలి. ఊసవానిపేటలో ఓపికగల కోచ్ ఉన్నాడు. ఒకే ఇంట్లో అక్కచెల్లెళ్లు బార్ పట్టారు. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్, నెలజీతం వచ్చే ఇల్లు. బక్కపలచని పిల్లవని తనను మొదట పక్కన పెట్టారని, తల్లి శ్యామల ధైర్యం చెప్పిందని మల్లేశ్వరే చెప్పుకుంది. ఇంట్లో ఒక పిల్ల క్యాంపుకు వెళ్తే ఇంకో పిల్ల వెంట వెళ్తుంది. 1990లో సోదరి కృష్ణకుమారి వెంట క్యాంపుకు వెళ్లిన మల్లేశ్వరి అక్కడ లియొనిద్ తారానెంకో కళ్లలో పడింది. ఆయన 1980 మాస్కో ఒలింపిక్ విజేత, 1988లో కాన్‌బెర్రాలో 266 కిలోలు ఎత్తిన మనిషి. ఈ కలయికను అదృష్టం అనేస్తారు. ఆ ఇంట్లో ఇద్దరు లిఫ్టర్లు లేకపోతే ఆ అదృష్టం ఆ క్యాంపు దాకా వెళ్లేదే కాదు.

తర్వాతి అంకెలు చూడండి. 1993 మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో మల్లేశ్వరికి కాంస్యం. 1994 ఇస్తాంబుల్‌లో, 1995 గ్వాంగ్‌జౌలో 54 కిలోల విభాగంలో ప్రపంచ టైటిళ్లు. 1996 వార్సాలో మళ్లీ కాంస్యం. శిఖరం ఇదీ. అప్పటికి మహిళల లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో లేదు గనుక దేశం దీన్ని సరిగ్గా చూడలేదు. ఆమెను సిడ్నీకి ఎంపిక చేసినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఆమె పని అయిపోయిందని రాసినవాళ్లున్నారు.

2000 సెప్టెంబరు 19న ఆమె నిలబడింది 54లో కాదు, 69 కిలోల విభాగంలో. స్నాచ్‌లో 110, బార్‌ను భుజాల మీద ఆపి తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన మార్కుస్ ఇద్దరూ 242.5 ఎత్తారు. శరీర బరువు తక్కువ గనుక స్వర్ణం లిన్‌ది. మల్లేశ్వరి చివరి ప్రయత్నానికి 137.5 పెట్టించింది. అది లేస్తే 247.5, స్వర్ణమే. లేవలేదు. రజతానికీ స్వర్ణానికీ ఆమె వెనకబడింది 2.5 కిలోలు, ఆ రోజుల్లో బార్ మీద పెంచగల కనీస మెట్టు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది. నా కంటికి మాత్రం అది 1987లో మొదలైన పదమూడేళ్ల పని చివర దక్కిన ఫలం. మన వ్యాసాలు దాన్నే ఆరంభంగా రాస్తున్నాయి, నా పేచీ అక్కడే. 2004 ఏథెన్స్‌లో వెన్నునొప్పితో ఆమె పోటీ పూర్తిచేయలేకపోయింది.

ఆ తర్వాత ఒలింపిక్ వేదిక మీద మన రెండు జిల్లాల లిఫ్టర్ మరొకరు నిలబడలేదు. లిఫ్టింగ్‌లో భారత్‌కు తర్వాతి పతకం 2021లో టోక్యోలో వచ్చింది, అది మణిపూర్ అమ్మాయి మీరాబాయి చానుది. వాళ్లు తరం వెంట తరాన్ని నిలబెట్టుకున్నారు. మనం సన్మానాలు చేశాం, స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరు పెట్టుకున్నాం. ఊరికో కోచ్‌ను మాత్రం నిలబెట్టలేదు.

ఒక్క కొండవెలగాడ దీనికి మినహాయింపు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. నైజీరియా విజేత డోపింగ్‌లో పట్టుబడ్డాక అది రజతమైంది. ఊసవానిపేటలో పనిచేసిందే అక్కడా పనిచేసింది: పెద్దపిల్లలు ఎత్తుతుంటే చిన్నపిల్లలు పక్కన నిలబడి చూడటం. అయితే స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో సైన్యంలోనో ఉద్యోగం రావడంతో చాలామందికి ఆట ముగుస్తుంది. పేదింటి పిల్లలు అలా స్థిరపడితే నేను సంతోషిస్తాను. వాళ్లలో నలుగురికైనా ఊళ్లో కోచ్‌గా జీతమిచ్చి ఉంచుకునే ఏర్పాటు లేకపోవడమే బాధ.

మల్లేశ్వరి ఉద్యోగం, సంసారం ఉత్తరాదినే సాగాయి. ఆమె అకాడమీ హర్యానాలోని యమునానగర్‌లో ఉంది. 2021లో ఢిల్లీ ప్రభుత్వం తన క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా ఆమెను పిలిచి కూర్చోబెట్టింది. ఆమెలో ఏం పనికొస్తుందో అక్కడివాళ్లు గుర్తించారు. ఊసవానిపేటలో ఇప్పుడు పన్నెండేళ్ల పిల్లకు ఆమె దగ్గర స్నాచ్ నేర్చుకోవాలని ఉంటే, ఆమదాలవలస స్టేషన్లో ఢిల్లీ రైలెక్కాలి.