మూడు ముక్కలు, పదమూడు ముక్కలు

సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటి ఉండేది. 1963 మే 4న పోలీసులు దాని మీద దాడి చేశారు. లోపల కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం కాలంనాటి హైదరాబాద్ జూద చట్టం కింద కేసు నడిచింది. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1967 నవంబరు 22న వెలువడిన తీర్పులో ప్రభుత్వం ఓడిపోయింది.

ఆ తీర్పు రాసినవారు జస్టిస్ హిదయతుల్లా. మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద నడుస్తుంది. రమ్మీలో మాత్రం పడిన ముక్కలను గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించిన ఆట అని ఆయన అన్నదాని సారాంశం. న్యాయమూర్తి గారు లెక్క కట్టలేదు, కట్టవలసిన అవసరమూ లేదు. మనం కట్టి చూద్దాం.

ముందు మూడు ముక్కలాట. 52 ముక్కల నుంచి మూడింటిని ఎన్నిరకాలుగా ఎంచుకోవచ్చు? మీరు ఇంటర్మీడియట్‌లో చదివే సంయోగాల సూత్రం ప్రకారం 52 × 51 × 50ని 6తో భాగిస్తే 22,100. ముక్కలను బస్తర్ అడవుల్లోని చింతలనార్‌లో కలిపినా, సికింద్రాబాద్ క్లబ్బులో కలిపినా ఈ సంఖ్య మారదు. ఇందులో మూడు రాజులు, మూడు ఆసులు వంటి ‘ట్రయల్’ చేతులు 52. అంటే 425 సార్లలో ఒకసారి. ఒకే రంగులో వరసగా మూడు వచ్చే చేతులు 48. జత పడేవి 3,744. ఏ కలయికా లేని వట్టి చేతులు 16,440, అంటే దాదాపు నాలుగింట మూడు వంతులు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఒకే రంగు వరస కన్నా ట్రయల్ పెద్దదని ఆట నియమం. కాని 48 కన్నా 52 ఎక్కువ గదా! అరుదైన చేతికి పెద్ద విలువ ఇవ్వాలంటే ఈ రెండూ తారుమారు కావాలి. ఈ నియమాన్ని పెట్టినవాళ్ళు సంయోగాలు లెక్కపెట్టి ఉండరు. అయినా కోట్ల రూపాయలు ఆ నియమం ప్రకారమే చేతులు మారాయి.

ముక్కలు పంచాక ఈ ఆటలో కొత్త ముక్క రాదు, ఉన్నది పోదు. ఎదుటివారివి కనబడవు. గుర్తు పెట్టుకోవడానికి ఏమీ లేదు. (ముఖం చూసి బెదిరించే విద్య ఒకటుంది, నిజమే. అది ముక్కలను మార్చదు.)

ఇప్పుడు సుమారు మూడు శతాబ్దాలు వెనక్కి వెళదాం. ఫ్రాన్సు నుంచి లండన్‌కు వలస వచ్చిన అబ్రహాం డిమాయర్ 1718లో సంభావ్యతపై ఒక పుస్తకం ప్రచురించాడు. మీరు సంకీర్ణ సంఖ్యల పాఠంలో చూసే డిమాయర్ సిద్ధాంతం ఈయనదే. 1756లో వచ్చిన మూడో ముద్రణలో ఆయన పదమూడు ముక్కలతోనే ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఒక్కో రంగుకు చెందిన 13 ముక్కల కుప్పలు రెండున్నాయి. ఒక్కోదాని నుంచి ఒక్కో ముక్క తీస్తే రెండూ ఆసులే కావడానికి సంభావ్యత 1/13 × 1/13, అంటే 1/169. కుప్ప ఒక్కటే ఉండి, మొదట ఆసు, ఆ తర్వాత రెండు రావాలంటే? ఆసు వెళ్ళిపోయాక కుప్పలో మిగిలింది 12 కాబట్టి 1/13 × 1/12, అంటే 1/156. మొదటిది స్వతంత్ర ఘటనల జంట. రెండోదానిలో పోయిన ముక్క రాబోయే ముక్క లెక్కను మార్చేసింది.

న్యాయమూర్తి చెప్పిన జ్ఞాపకశక్తికి పని ఇక్కడే. సులువు కోసం ఒకే పేకతో ఆడుతున్నారనుకోండి. మీ చేతిలో 13 ముక్కలు, వాటిలో ఆఠీన్ 5, 6 ఉన్నాయి. ఆఠీన్ 4 గాని 7 గాని వస్తే వరస కుదురుతుంది. మీకు కనబడని ముక్కలు 39. అవి కట్టలో ఉన్నాయో ఎదుటివారి చేతుల్లో ఉన్నాయో మీకు తెలియదు కనుక, పై ముక్క మీకు కావలసినది కావడానికి సంభావ్యత 2/39. ఆట సాగి మరో పది ముక్కలు మీ కంటపడ్డాయి. వాటిలో ఆ రెండూ లేకపోతే 2/29. ఒకటి ఉంటే 1/29. రెండూ పడిపోయి ఉంటే సున్నా! చూడనివాడు ఆ సున్నా కోసమే 5, 6లను పట్టుకుని కూర్చుంటాడు. ఎదుటివాడు ఆఠీన్ 8 ఏరుకున్నాడంటే 7 అతని దగ్గరే ఉందేమోనని అనుమానించడం ఇంకో మెట్టు.

అయితే నైపుణ్యం ఉన్న ఆటలో డబ్బు పోదని అనుకోకండి. ఆరుగురు తలా వంద రూపాయలు పెట్టారు, ఆడించేవాడు ఆరు వందల్లో అరవై తీసుకున్నాడు అనుకుందాం. ఆరుగురూ సమానంగా ఆడగలవారైతే సగటున ఒక్కొక్కరికి ఆటకు పది రూపాయల నష్టం, వంద ఆటలకు వెయ్యి. ఒకడి తెలివి మరొకడి జేబు నుంచి తీసి ఇస్తుందే తప్ప కొత్తగా డబ్బు పుట్టించదు. ఆడించేవారు ఆట మీద లాభం తీస్తుంటే అది నేరమే అవుతుందని 1967 తీర్పులో కూడా ఉంది. రమ్మీ నైపుణ్యమన్న మాటను పట్టుకున్నవాళ్ళు ఈ మాటను ఎక్కువగా తలచుకోలేదు.

ఆట సెల్‌ఫోన్‌లోకి వచ్చాక ఆడించేవాడి వాటా రాత్రీపగలూ తెగడం మొదలైంది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా నిషేధించింది.