రాత రాసినోడు ఎవడు? (మదురై వీరన్ కథ)

పోయిన వారం ఒక డిగ్రీ పిల్లోడు వాట్సాప్‌లో ఇంగ్లీషు ప్రశ్నాపత్రం పంపినాడు. రోమియో జూలియట్‌ల చావుకు కారణం విధా, వాళ్ల సొంత నిర్ణయాలా? చర్చించుము. పది మార్కులు. "ఏం రాయాల అన్నా?" అని అడిగినాడు. షేక్‌స్పియర్ మొదట్లోనే వాళ్ల నక్షత్రాలు బాలేవని చెప్పేస్తాడు. చివర్లో అంటురోగం భయంతో దారి మూసేసి, ఉత్తరం అందక ఇద్దరూ చచ్చిపోతారు. రెండు వైపులా రాయొచ్చు, రాసెయ్ అన్నా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా. ఈ ప్రశ్న మనకు పరీక్ష హాల్లో ఎదురుకాదు, పాడె దగ్గర ఎదురవుతుంది. "పాపం, వాడి రాత అంతే" అని ఎవరో ఒకరు అంటారు. మా కళ్యాణదుర్గం పక్కన రాత అనే మాట చానా చవక. వాన పడకుంటే రాత. శనక్కాయ ఎండితే రాత. బోరులో దుమ్ము లేస్తే రాత. పూడిక తీయని చెరువును, తీయించని వాళ్లను అడిగేవాడు మాత్రం కనపడడు.

అందుకే ఈ భాగంలో వెరోనా వదిలేసి మదురైకి పోదాం. అక్కడి కథ కూడా మనదే. తమిళనాడులో అరుందతియర్లని పిలిచే వాళ్లు, పాత పేరు చక్కిలియర్లు, ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడుకునే వాళ్లు చాలామంది. మన మాదిగల మాదిరే తోలు పని. కపిల బావుల కాలంలో నీళ్లు పైకొచ్చింది వాళ్లు కుట్టిన తోలు బానల్లోనే. పైకొచ్చిన నీళ్లలో వాళ్ల వాటా ఎంతో మీకు తెలుసు. వాళ్ల ఇంటి దేవుడు మదురై వీరన్.

కథ ఇది. ఒక పాలెగాడు ఉన్నాడు, బొమ్మన నాయకుడు. తెలుగోడే. ఆయన కూతురు బొమ్మి పెద్దమనిషైంది. వాళ్ల ఆచారం ప్రకారం ఊరి బయట గుడిసె కట్టి అందులో ఉంచినారు. రాత్రిపూట కాపలా చక్కిలియ ముసలాయనది. ఒకనాడు వాన పడతా ఉంటే ఆయన తన బదులు కొడుకు వీరన్‌ను పంపినాడు. ఆ పిల్లోడూ బొమ్మీ ఇష్టపడినారు, లేచిపోయినారు. పాలెగాడు మనుషుల్ని వేసుకుని తరుముకుంటా వచ్చినాడు. కత్తులు దూసుకున్నాయి, వీరన్ గెలిచినాడు. తర్వాత తిరుచ్చిలో కొలువు. దొంగల్ని అణచడానికి మదురైకి పోతే అక్కడ నాట్యకత్తె వెల్లయమ్మాళ్ పరిచయం. చివరికి రాజు అనుమానించి, ఒక కాలూ ఒక చెయ్యీ నరకమన్నాడు. నరికినారు.

తేదీలు వెతికే వాళ్లకు ఒక మాట. తిరుచ్చిలో కొలువిచ్చింది విజయరంగ చొక్కనాథుడని, మదురైలో శిక్ష వేసింది తిరుమల నాయకుడని పాట చెబుతుంది. తిరుమల నాయకుడు ఏలింది 1623 నుంచి 1659 దాకా. చొక్కనాథుడు 1706లో గద్దెనెక్కి 1732 దాకా ఉన్నాడు. ఒక మనిషి ముందు రెండోవాడి దగ్గర పని చేసి తర్వాత మొదటివాడి చేతిలో చావడం కుదరదు. కాబట్టి ఈ కథను శాసనంలాగా చదవద్దు. కానీ ఒక సంగతి చూడండి. నాయక రాజులు తెలుగువాళ్లు, పాలెగాడు తెలుగువాడు, చచ్చినోడు తెలుగు మాట్లాడే కులమోడు. తమిళ గడ్డ మీద తెలుగోళ్లు తెలుగోణ్ణి నరికిన కథ ఇది. మన తెలుగు సాహిత్య చరిత్రలు మదురై నాయకుల కావ్యాలకు పేజీలిస్తాయి, దీనికి ఒక పేరా ఇయ్యవు.

ఇప్పుడు రాత దగ్గరికొస్తా. అచ్చయిన కూర్పుల్లో కథ బొమ్మితో మొదలుకాదు, కాశీలో మొదలవుతుంది. కాశీ రాజుకు కొడుకు పుడతాడు. జ్యోతిష్యులొచ్చి ఈ బిడ్డ ఉంటే రాజ్యానికి కీడంటారు. తీసుకుపోయి అడవిలో వదిలేస్తారు, చక్కిలియ దంపతులకు దొరుకుతాడు. అంటే వీరన్ చక్కిలియ బిడ్డ కాదు, క్షత్రియుడు! 1956లో ఎంజీఆర్‌తో తీసిన 'మదురై వీరన్' సినిమాలోనూ ఇదే. అందులో మన భానుమతి బొమ్మి, పద్మిని వెల్లయమ్మాళ్. సినిమా విపరీతంగా ఆడింది, వాడల్లో జనం ఎంజీఆర్‌ను వీరన్‌గానే కొలిచినారు. సంతోషమే. కానీ తెర మీద వీరన్ పుట్టింది అంతఃపురంలో.

ఈ జాతకం ముక్క ఒకే దెబ్బకు రెండు పనులు చేస్తుంది. బొమ్మి చేసిన పనిని చెరిపేస్తుంది. ఆమె కులం గీత దాటింది, తెలిసి దాటింది. వాడు క్షత్రియుడని తేలితే ఆమె దాటింది ఏమీ లేదు, రాచబిడ్డ రాచబిడ్డను చేరింది, అంతే. రెండోది, హంతకుణ్ణి మాయం చేస్తుంది. పుట్టినప్పుడే చావు రాసి ఉంటే నరకమన్న రాజుదేం తప్పు? ఒక కూర్పులో అయితే మీనాక్షమ్మ కనికరించి నరికిన కాలూ చెయ్యీ మళ్లీ ఇస్తుంది. వీరన్ బతకొచ్చు. కానీ రాత తీరాల్సిందేనని తన గొంతు తానే కోసుకుంటాడు. రాజు చేతికి అంటిన రక్తాన్ని కడగడానికి ఇంతకంటే మంచి నీళ్లు దొరకవు. ఆనక మీనాక్షి గుడి తూర్పు వాకిట్లో కాపలా దేవుడిగా నిలబెట్టినారు. చచ్చినాక కూడా కాపలా పనే!

ఇదంతా నా అనుమానం అనుకుంటారేమో. అయితే తిరునల్వేలి వైపు ముత్తుపట్టన్ కథ చూడండి. వాడు బ్రాహ్మణుడు. బొమ్మక్క, తిమ్మక్క అనే ఇద్దరు చక్కిలియ అక్కచెల్లెళ్లను ఇష్టపడినాడు. పేర్లు వినండి, మా పక్క ఏ కేరికి పోయినా ఉండే పేర్లు. పిల్లల తండ్రి ఒక షరతు పెట్టినాడు: జంధ్యం తెంచు, పిలక తీయించు, చెప్పులు కుట్టడం నేర్చుకుని రా. వాడు అన్నీ చేసి, కుట్టిన చెప్పులు తీసుకుని వచ్చినాడు. పెళ్లయింది. తర్వాత మామ ఆవుల మందను దొంగలు తోలుకుపోతే అడ్డంపోయి చచ్చినాడు. ఆడపిల్లలిద్దరూ చితి ఎక్కినారు.

ఈ పాటను సేకరించి పరిశీలించిన పండితుడు నా. వానమామలై. తర్వాతి కూర్పుల్లో ఏం చేసినారో ఆయనే పట్టి చూపించినాడు. బొమ్మక్క, తిమ్మక్క పుట్టుకతో బ్రాహ్మణ పిల్లలని, అడవిలో వదిలేస్తే చక్కిలియ ఇంట్లో పెరిగినారని కలిపినారు. కాశీ కథలో ఏ అతుకు వేసినారో ఇక్కడా అదే అతుకు. ఒకచోట అయితే కవి ఊహ అనొచ్చు. రెండుచోట్ల ఒకే కుట్టు కనపడితే కుట్టిన చేతిని అనుమానించాల. కుట్ల సంగతి మాకంటే ఎవరికి బాగా తెలుసు?

జనం మాత్రం అన్నీ మర్చిపోలేదు. పాపనాశం కొండల్లో సొరిముత్తు అయ్యనార్ గుడి దగ్గర ఆ పట్టన్ దేవుడికి ఇప్పటికీ మొక్కుబడిగా చెప్పులు ఇస్తారు. అతుకు పుస్తకంలో ఉంది, గుడిలో చెప్పులున్నాయి.

వీరన్ ప్రేమించినాడు, బొమ్మి ఒప్పుకుంది, ముత్తుపట్టన్ జంధ్యం తెంచినాడు. ఇవన్నీ మనుషులు చేసిన పనులే. నరకడమూ మనుషులు చేసిన పనే. కథ చెప్పే చెయ్యి మారేసరికి ఎంచుకోవడం పుట్టుకలోకి పోయింది, నరకడం నక్షత్రంలోకి పోయింది.

ఇప్పటి సంగతి. పెద్దల అనుమతి లేకుండా పెళ్లి చేసుకున్న జంటలను కాపాడాలని శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది 2018 మార్చి 27న. ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ పెట్టాల, 24 గంటల హెల్ప్‌లైన్ నడపాల అని అందులో ఉంది. ఆరు నెలలు నిండకముందే, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ప్రణయ్‌ను భార్య కళ్ల ముందే నరికినారు. నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. సుపారీ మాట్లాడుకున్నారు, డబ్బు చేతులు మారింది, రెక్కీ జరిగింది. ఇందులో ఏ గ్రహం ఏ ఇంట్లో ఉందో చెప్పమని ఆ రోజుల్లో "విధి వక్రించింది" అని పోస్టులు పెట్టిన వాళ్లను అడగాలనుంది.

నిన్న ఆ పిల్లోడు మళ్లీ ఫోన్ చేసినాడు. బొమ్మి సంగతి కూడా జవాబులో రాయొచ్చా అన్నా, అన్నాడు. రాస్తే మార్కులు పోతాయేమో, నీ ఇష్టం అని చెప్పినా. శక్తివాహిని తీర్పు తీసుకుని ఆదివారం నలుగురం కూచుని చదువుదాం, మన జిల్లాలో ఆ సెల్ ఎక్కడుందో సోమవారం పోయి అడుగుదాం అన్నా. వస్తానన్నాడు.

వచ్చే భాగంలో కాత్తవరాయన్ కథ. ఎన్టీఆర్, సావిత్రి నటించిన 'కార్తవరాయని కథ' మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసే ఉంటారు, ఒకసారి అడిగి పెట్టుకోండి.