నీట మునిగి నిలిచిన నగరం

పైన్ కర్ర మనకు కొత్తది కాదు. సంస్కృతంలో దానిని సరళవృక్షమన్నారు. బజారులో మాత్రం సరుకులు వచ్చే పెట్టెల చెక్కనంతటినీ దేవదారు అనే పేరుతోనే పిలుస్తున్నాము. నాలుగు వానలకు వంకరపోయి, ఏడాది తిరగకుండా చివికిపోయే ఈ జాతి కర్రమీద ఒక మహానగరం శతాబ్దాలుగా నిలిచి ఉన్నది. అది హాలండులోని ఆంస్టర్‌డాం.

అక్కడి నేల పైభాగమంతా మెత్తని బురద, బంకమన్ను. గట్టి ఇసుకపొర తగలాలంటే సుమారు 12 మీటర్లు దిగాలి. అందుచేత నార్వే మొదలైన ఉత్తరదేశాల అడవులనుండి పైన్, స్ప్రూస్ దుంగలను ఓడలలో తెచ్చి, బరువైన దిమ్మెతో దిగగొట్టి, వాటిపై గోడలు లేపారు. పదులకొద్దీ కూలీలు మేస్త్రీ పాటకు లయగా మోకులు లాగేవారు.

1648లో ఆరంభించి, 1655లో ప్రవేశోత్సవం జరిపిన పురమందిరం క్రింద 13,659 దుంగలున్నవని ప్రసిద్ధి. ఏడాదికున్న 365 రోజులకు ముందు ఒకటి, వెనుక తొమ్మిది చేర్చి అక్కడి పిల్లలు ఆ సంఖ్యను గుర్తుంచుకొంటారు. 1808లో అది రాజభవనమైనది. మన మచిలీపట్టణం రేవులో కలంకారీ బట్టలు కొన్న డచ్చి వర్తకుల నగరమే ఇది!

కర్ర చివకడానికి కారణం నీరొక్కటే కాదు. చివికించే శిలీంధ్రాలకు తేమతోపాటు ప్రాణవాయువు కూడా కావాలి. పూర్తిగా నీట మునిగిన దుంగకు గాలి అందదు కనుక అవి బ్రతకలేవు. ఇక ఆరుతూ తడుస్తూ ఉండే కర్రకు రెండు విధాల చేటు. తేమ 30 శాతానికి దిగువకు పడితే కణాల గోడలు ముడుచుకొంటాయి. పూర్తిగా ఎండిన పైన్ వలయాల వెంబడి 7, 8 శాతం తగ్గుతుంది, కేంద్రం వైపు 4 శాతమే. వంకరలకు, పగుళ్ళకు మూలం ఈ తేడాయే. గాలి సోకితే, పైగా 20 శాతం మించిన తేమ ఉంటే, శిలీంధ్రానికి విందే.

కనుకనే పాత మేస్త్రీలు దుంగ తలలను భూగర్భజలం ఎంత తగ్గినా మునిగి ఉండే లోతులో కోసేవారు. ఏ శాస్త్రమూ చదవకుండా వారు పట్టుకొన్న ఈ రహస్యం నాకు రాజభవనంకన్న గొప్పదిగా తోస్తుంది. 20వ శతాబ్దిలో దుంగ తలపై కాంక్రీటు ముక్కను తొడిగే పద్ధతి వచ్చింది.

అయినా నిశ్చింత లేదు. గాలి దాదాపు లేనిచోట కూడా కొన్ని సూక్ష్మజీవులు అతి నెమ్మదిగా కర్రను తింటాయని తేలినది. చేవ చుట్టూ ఉండే తెల్లకర్ర వాటికి ఆహారం. ఆ తెల్లకర్ర పైన్‌లో మందం. అందువల్ల స్ప్రూస్‌కన్న పైన్‌కే నష్టమెక్కువ. 2018 నాటి అనావృష్టిలో నీటిమట్టం దిగజారినపుడు హాలండులో పాత ఇళ్ళవారికి గుబులు పట్టుకొన్నది. పునాది మార్చే ఖర్చు చాలావరకు ఇంటివారిదే. ఇప్పుడు ఆంస్టర్‌డాంలో భూగర్భజలాన్ని కొలిచే గొట్టాలు వేల సంఖ్యలో ఉన్నవి. మన ఊళ్ళలో ఇల్లు తడుస్తుందని భయం. అక్కడ పునాది ఆరుతుందని.