బియ్యం డబ్బాలో గొలుసు

గొలుసు పోయిందంది అమ్మమ్మ. తీసింది పనిమనిషేనంది. మేం నమ్మాం, మాన్పించేశాం. నెల తిరక్కుండా గొలుసు బియ్యం డబ్బాలో దొరికింది. అమ్మమ్మది ఆల్జైమర్స్ అని డాక్టరు చెప్పాక ఆ జబ్బు చరిత్ర చదవడం మొదలెట్టాను.

1901 నవంబరులో ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ళావిడని ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రిలో చేర్చారు. ఆమెని పరీక్షించిన డాక్టరు అలోయిస్ ఆల్జైమర్. మొట్టమొదట కనిపించిన లక్షణం భర్త మీద అనుమానమని 1907లో అచ్చయిన వ్యాసంలో రాశాడాయన. మతిమరుపు ఆ తర్వాతి మాట. ఆవిడ వస్తువులు తీసి దాచేసేది, తనని చంపడానికొస్తున్నారని కేకలు పెట్టేది. 1906లో ఆవిడ చనిపోయాక మెదడుని మైక్రోస్కోపు కింద చూశాడు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకి ఆల్జైమర్ పేరు పెట్టాడు. లోకానికి మాత్రం మతిమరుపొక్కటే గుర్తుండిపోయింది.

దాచిన చోటే కాదు, దాచిన సంగతే మర్చిపోయిన మనిషికి వస్తువు కనబడకపోతే, ఎవరో తీశారనుకోవడమే సబబుగా తోస్తుంది. అమ్మమ్మది జబ్బు. పనిమనిషి అనగానే నమ్మేసిన మాది ఏం జబ్బు?

గొలుసు దొరికిందని చెబుదామంటే, పదేళ్ళు మా ఇంటికొచ్చిన ఆమె ఇల్లెక్కడో మాలో ఒక్కరికీ తెలీదు.