కారణం చెప్పవలసినది ఎవరు? భారతదేశంలో ఆయుధ చట్టమూ రాజకీయ వైఖరులూ

తుపాకీ కలిగి ఉండటం పౌరుని హక్కా, లేక ప్రభుత్వం ఇష్టమైతే ఇచ్చే అనుమతా అన్న వివాదం పేరెత్తగానే నేటి పాఠకునికి అమెరికా గుర్తుకు వస్తుంది. 1791లో ఆ దేశ రాజ్యాంగానికి చేర్చిన రెండవ సవరణను అర్థం చేసుకునే తీరును బట్టి అక్కడి అధ్యక్ష అభ్యర్థులు నేటికీ రెండు శిబిరాలుగా చీలి ఓట్లు అడుగుతుంటారు. అయితే ఇదే ప్రశ్న ఒకప్పుడు భారత జాతీయోద్యమానికి కూడా ముఖ్యమైనదేననీ, కాంగ్రెసు నాయకులు దానిని దశాబ్దాల పాటు విడువక వాదించారనీ నేడు చాలామందికి గుర్తులేదు. ఆ వాదాన్ని ఆరంభం నుంచి పరిశీలిస్తే, వారు పట్టుబట్టినది తుపాకీ కోసం కన్నా ఎక్కువగా ఆ తుపాకీ నిరాకరణలో దాగిన అవమానాన్ని తొలగించుకోవడం కోసమని స్పష్టమవుతుంది.

1857 తిరుగుబాటు అణగిన తరువాత ప్రజల చేతులలోని ఆయుధాలను లాగివేసుకోవడం, అంటే నిరాయుధీకరణ, బ్రిటిషు పాలనా విధానంలో భాగమైంది. 1860లో అందుకు ఒక చట్టం చేశారు. వైస్రాయి లిట్టన్ హయాంలో వచ్చిన 1878 నాటి పదకొండవ చట్టం ఆ విధానానికి స్థిరరూపం ఇచ్చింది. లైసెన్సు, అనగా ప్రభుత్వాధికారి ఇచ్చే వ్రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడమే కాక, ఆయుధం ధరించి తిరగడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమైంది. ఆయుధమన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకులతో పాటు కత్తులు, బాకులు, ఈటెలు, విల్లంబులు కూడా చేరాయి.

చట్టం కఠినంగా ఉండటం కన్నా అది అందరికీ ఒకటిగా లేకపోవడమే విద్యావంతులైన భారతీయులను ఎక్కువగా బాధించింది. దాని నిబంధనల క్రింద యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ మినహాయింపు దొరికింది. భారతీయులలో కొడగు ప్రాంతపు కొడవలకు, అక్కడ వంశపారంపర్యంగా జమ్మా భూములను అనుభవించేవారికి మాత్రం వారి విధేయతకు ప్రతిఫలంగా ప్రత్యేక సడలింపు లభించింది. మిగిలిన ప్రజలను పాలకులు నమ్మడం లేదన్న మాటను ఆ విధంగా చట్టమే బహిరంగంగా ప్రకటించినట్లయింది.

అదే సంవత్సరం దేశభాషా పత్రికలకు కళ్ళెం వేసే చట్టం కూడా రావడంతో, సురేంద్రనాథ్ బెనర్జీ నాయకత్వంలోని ఇండియన్ అసోసియేషన్ రెండింటినీ కలిపి ఖండించింది. ఇంగ్లండులో ప్రతిపక్షంలో ఉన్న లిబరల్ పక్షపు గ్లాడ్‌స్టన్ పత్రికల చట్టాన్ని పార్లమెంటులో విమర్శించి, 1880 ఎన్నికలలో గెలిచి ప్రధాని అయ్యాడు. ఆయన పంపిన వైస్రాయి రిప్పన్ 1882లో ఆ చట్టాన్ని రద్దుచేశాడు. ఆయుధ చట్టం మాత్రం అలాగే నిలిచింది. వ్రాతపై ఆంక్షను సడలించగలిగిన లిబరల్ పక్షం కూడా ఆయుధంపై ఆంక్షను సడలించే సాహసం చేయలేకపోయింది.

ఈ నేపథ్యంలో 1887 డిసెంబరులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభకు విశేష ప్రాధాన్యం ఉంది. చట్టాన్ని పూర్తిగా రద్దు చేయాలని బిపిన్ చంద్ర పాల్ వంటి యువకులు వాదించగా, సభ చివరికి సవరణను కోరుతూ తీర్మానించింది. ఆ తీర్మానపు సారాంశాన్ని శ్రద్ధగా గమనించవలసి ఉంది: ఆయుధం కలిగి ఉండే అర్హత అందరికీ సహజంగా ఉండాలి, ఎవరికైనా, ఏ వర్గానికైనా దానిని నిరాకరించదలచుకుంటే ప్రభుత్వమే అందుకు కారణాలను వ్రాతలో నమోదుచేసి ప్రకటించాలి. 1878 చట్టంలో తనకు ఆయుధం ఎందుకు కావాలో ప్రజ చెప్పుకోవాలి; మద్రాసు తీర్మానంలో ఎందుకు ఇవ్వరో ప్రభుత్వం చెప్పాలి. ఈ తలక్రిందుల మార్పే ఆ తీర్మానానికి ప్రాణం.

సభలలో తీర్మానాలు సాగుతున్న ఆ కాలపు ముందు వెనుకలలోనే తెలుగు మన్యంలో ఈ సమస్య వేరొక రూపంలో కనిపించింది. చిగురుపన్ను, అనగా కల్లుపై విధించిన పన్ను, ముఠాదారులనే స్థానిక నాయకుల మీద ఒత్తిడి వంటి కారణాల వల్ల 1879లో రగిలిన రంప పితూరీ పోలీసు ఠాణాలపై దాడులతోనే మొదలైంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా మూడు రోజులలో ముట్టడించి తుపాకులను, తూటాలను పట్టుకుపోయింది. ప్రజలను నిరాయుధులను చేసిన రాజ్యం తన ఆయుధాలను ఠాణాలో దాచుకున్నప్పుడు, తిరుగుబాటుకు ఆ ఠాణాయే మొదటి గురి కావడం సహజం.

అహింసావాది అయిన గాంధీ కూడా ఈ విషయంలో వెనుకాడలేదన్నది గమనార్హం. 1918లో ఖేడా జిల్లాలో సైన్యంలో చేరమని ప్రచారం చేసినప్పుడు, జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఈ చట్టం బ్రిటిషు పాలన చేసిన అత్యంత నీచమైన పని అని ఆయన ఆరోపించాడు. 1930 జనవరిలో ఆయన వైస్రాయి ఇర్విన్ ముందు ఉంచిన పదకొండు కోరికలలో చివరిది ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నదే. భయంతో ఆయుధం పట్టలేకపోవడం వేరు, ధైర్యముండీ పట్టకపోవడం వేరు అన్న ఆయన సిద్ధాంతానికి ఇది విరుద్ధం కాదు. 1928 నాటి నెహ్రూ నివేదికా, 1931 నాటి కరాచీ కాంగ్రెసు తీర్మానమూ నిబంధనలకు లోబడి ఆయుధం ధరించడాన్ని పౌరుని ప్రాథమిక హక్కులలో చేర్చాయి.

అధికారం చేతికి వచ్చిన తరువాత దృష్టి మారింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ కరాచీ తీర్మానాన్ని గుర్తుచేస్తూ ఆయుధ హక్కును ప్రాథమిక హక్కుగా చేర్చమని సవరణ ప్రతిపాదించగా, అంబేద్కర్ దానిని వ్యతిరేకించాడు. దేశవిభజన హింస ఇంకా కళ్ళ ముందు ఉన్న సభ ఆ సవరణను తిరస్కరించింది. చివరికి పంతొమ్మిదవ అధికరణంలో నిలిచినది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. సిక్కులు కృపాణం ధరించడం మాత్రం మత స్వేచ్ఛలో భాగంగా రాజ్యాంగంలో చోటు పొందింది.

అయినా మద్రాసు తీర్మానం పూర్తిగా వృథా కాలేదు. 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన 1959 ఆయుధ చట్టం తుపాకీకి లైసెన్సును తప్పనిసరిగానే ఉంచి, కత్తుల వంటి వాటికి ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాలలో మాత్రమే దానిని కోరింది. అన్నిటికన్నా ముఖ్యంగా, లైసెన్సు నిరాకరించే అధికారి కారణాలను వ్రాతలో నమోదుచేయాలనీ, ఆ నిర్ణయంపై దరఖాస్తుదారు అప్పీలు చేసుకోవచ్చుననీ విధించింది. 2019 సవరణ ఒక వ్యక్తికి అనుమతించే తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించినా ఈ బాధ్యత కొనసాగుతూనే ఉంది.

నేడు భారత ఎన్నికలలో తుపాకీ హక్కు ప్రధాన వాగ్దానంగా వినబడదు. పైగా ఎన్నికల ప్రకటన వెలువడగానే ఏయే లైసెన్సుదారులు తమ ఆయుధాలను ఠాణాలో జమచేయాలో జిల్లా అధికారుల కమిటీ నిర్ణయిస్తుంది. ఓటు స్వేచ్ఛగా పడటానికి తుపాకీ ప్రక్కకు తప్పుకోవాలన్న ఈ ఏర్పాటును ప్రజలు అవమానంగా భావించకపోవడానికి కారణం ఉంది. 1878లో ఆయుధం దించమన్నది పరాయి పాలకుని అపనమ్మకం; నేడు దించమంటున్నది ఆ ప్రజలే ఎన్నుకున్న పార్లమెంటు చేసిన చట్టం, కారణం చెప్పక తప్పని చట్టం. మద్రాసు ప్రతినిధులు నిజంగా సాధించదలచినది ఆ కారణాన్నే కనుక, దానిని అధికారులు వ్రాయకుండా దాటవేసిన ప్రతిసారీ 1878 నాటి నీడ తిరిగి పడుతుందని ప్రజాస్వామ్యం మరువరాదు.