అమ్మమ్మతో బందరులో ఒక రోజు: 1864 ఉప్పెన, 1977 ఉప్పెన

ముందే ఒక మాట చెప్పేస్తా. ఇది నేను ప్లాన్ చేసుకున్న ఎపిసోడ్ కాదు. స్క్రిప్ట్‌లో రాసుకున్నది వేరే. "కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్లు తొలినాళ్లలోనే వ్యాపారం పెట్టిన ఊరు మన మచిలీపట్నం" అని ఒక పదిహేను నిమిషాల వీడియో. డ్రోన్ షాట్లు, పాత మ్యాపులు, చివర్లో బందరు లడ్డు. అదంతా షూట్ చేశాను కూడా. కానీ ఆ రోజు నాతో మా అమ్మమ్మ వచ్చింది. ఆవిడ అడిగిన రెండు ప్రశ్నలతో స్క్రిప్ట్ మారిపోయింది.

మా అమ్మమ్మది కోడూరు, దివిసీమ. ఆవిడకి బందరులో కంటి డాక్టరు దగ్గర పని ఉంది, నాకు షూట్ ఉంది, ఇద్దరం కలిసి బయల్దేరాం. ఇప్పుడు ఉల్లిపాలెం దగ్గర వారధి ఎక్కితే అవతల ఒడ్డు భవానీపురం, అంటే బందరు మండలంలో దిగిపోతాం. మా అమ్మ చిన్నప్పుడు ఇక్కడ పడవే దిక్కు. లేదంటే అవనిగడ్డ, చల్లపల్లి చుట్టూ తిరిగి వెళ్లాలి.

ముందు కథ త్వరగా చెప్పేస్తా, ఇది మీలో చాలామందికి తెలిసిందే. గోల్కొండ కుతుబ్ షాహీలకి సముద్రం మీద పెద్ద వాకిలి బందరే. 1605లో డచ్చివాళ్లు వచ్చారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. 1669లో ఫ్రెంచివాళ్లు. అందరికీ కావాల్సింది మన బట్ట. చిరివేరుతో ఎర్రరంగు, కరక్కాయ, పటిక వేసి అద్దిన కలంకారీ. ఇక్కణ్ణుంచి పర్షియాకీ, ఆగ్నేయాసియాకీ, తర్వాత యూరప్‌కీ వెళ్లింది. వాళ్లు ఊళ్లో కాపురమున్న గుర్తులు పేటల పేర్లలో ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషుపాలెం అంటే ఎవరిదో అర్థమైపోతుంది. వలందపాలెం అంటే హాలెండువాళ్లది, మనవాళ్లు డచ్చివాళ్లని 'వలందులు' అనేవారు. పరాసుపేట అంటే ఫ్రెంచివాళ్ల పేట. ఆటో అబ్బాయిని అడిగితే పేట చూపిస్తాడు, పేరు ఎందుకొచ్చిందో మాత్రం అతనికీ తెలియదు.

డచ్చి సమాధుల దగ్గర ఆగాం. పురావస్తు శాఖ వాళ్ల రక్షణలో ఉన్న చోటు. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశచిహ్నాలు, డచ్చి, లాటిన్ అక్షరాలు. చాలావరకు 17వ శతాబ్దానివి. నేను కెమెరా సెట్ చేసుకుంటుంటే అమ్మమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఒక్కో రాయి దగ్గరా వంగి చూస్తోంది.

"ఏం రాశార్రా దీని మీద?"

"పేరమ్మమ్మా. ఎప్పుడు పోయాడో తేదీ. ఏం ఉద్యోగం చేశాడో."

"తేదీ కూడానా!" అంది. ఇంకేం అనలేదు. నేనూ పట్టించుకోలేదు, నా ఫోకస్ అంతా లైట్ పోతోందని.

అక్కణ్ణుంచి బందరు కోట. ఊరికి అవతల, సముద్రం వైపు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ సైన్యం ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి లాక్కున్న కోట ఇదే. ఉత్తర సర్కారుల మీద ఇంగ్లీషువాళ్ల పట్టు మొదలైంది ఇక్కడే. ఇప్పుడు కూలిన గోడలు, తుప్పలు. కెమెరా ముందు నిలబడి నా డైలాగ్ చెప్పాను: "1864 నవంబరు 1 రాత్రి తుపాను వచ్చింది. సముద్రం మామూలు పోటు కంటే 13 అడుగులు పైకి లేచింది. సుమారు 30,000 మంది చనిపోయారు. మరుసటి ఏడాదే ఇక్కడి సైన్యాన్ని ఎత్తేశారు." కట్. టేక్ ఓకే.

వెనక నుంచి అమ్మమ్మ: "పదమూడడుగులేనా? మాకు అంతకంటే ఎక్కువొచ్చింది."

ఇక్కడ నేనొక విషయం ఒప్పుకోవాలి. రెండేళ్ల క్రితం ఇదే ఛానెల్‌లో దివిసీమ ఉప్పెన మీద ఒక ఎపిసోడ్ చేశాను. 1977 నవంబరు 19, శనివారం. థంబ్‌నెయిల్ మీద ఎర్ర అక్షరాల్లో '10,000' అని వేశాను. పక్కన బాణం గుర్తు. బాగా ఆడింది. అది చేసేముందు మా ఇంట్లోనే ఉన్న సాక్షిని ఒక్క మాట అడగలేదు. ఎందుకంటే ఆవిడ ఆ విషయం ఎప్పుడూ ఎత్తేది కాదు, మేమూ ఎత్తేవాళ్లం కాదు.

కోట గోడ నీడలో కూర్చుని ఆ రోజు చెప్పింది. అప్పటికి ఆవిడ కాపురం కోడూరు నుంచి హంసలదీవి వెళ్లే దారిలో ఒక పల్లెలో. మా అమ్మకి రెండేళ్లు. పల్లెలో రేడియో ఒక్క ఇంట్లోనే. వరి కోతకొచ్చి ఉంది. పొద్దుట్నుంచీ గాలి. చీకటిపడే వేళకి తూర్పున గోడలా ఏదో లేచిందట. పక్కనే ఉన్న డాబా ఇంటి అటక మీదకి మా అమ్మని ఎవరో అందించారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. అమ్మమ్మ చెల్లెలు కూడా ఆ రోజు వాళ్లింటికే వచ్చి ఉంది. నీళ్లు తీశాక ఆమె కనిపించలేదు.

అప్పుడు రెండో ప్రశ్న అడిగింది. "నీ వీడియోలో పదివేలని వేశావుగా. అందులో మా చెల్లి ఉందంటావా, లేదంటావా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఇంజనీరుగా నాకు ముందే తట్టాల్సింది అది. ఆఫీసులో డేటాలో 10,000, 30,000 లాంటి రౌండ్ ఫిగర్ కనిపిస్తే మేం మొదట అడిగేది, ఇది లెక్కపెట్టిందా, అంచనా వేసిందా అని. 1864లో 30,000. 1977లో సుమారు 10,000. రెండూ అంచనాలే. శవాలు ఉప్పునీళ్లలో కొట్టుకుపోయాయి, ఇంటిల్లిపాదీ పోయిన ఇళ్లలో ఎవరు లేరో చెప్పేవాళ్లే లేరు. అదే బందరులో కంపెనీవాళ్ల పద్దుల్లో బట్ట థానులు లెక్కతో ఉంటాయి. డచ్చి ఉద్యోగి పోయిన తేదీ రాతి మీద ఉంటుంది. 1864లో కోట బయట పాకల్లో ఉన్న నేతగాళ్లు, అద్దకంవాళ్లు, జాలర్ల పేర్లతో నేనొక్క రాయి కూడా చూడలేదు. దివిసీమలో స్తూపం ఉంది, ఏటా నవంబరు 19న పూలు పెడతారు, అంతవరకు నయం.

సరే, ఇక్కడ కాస్త సైన్స్. 113 ఏళ్ల తేడాలో ఇంత దగ్గర దగ్గరగా ఒకే రకం దెబ్బ ఎందుకు? తుపాను మధ్యలో గాలి పీడనం తగ్గితే సముద్రం కొంచెం ఉబ్బుతుంది, కానీ మిల్లీబారుకి సెంటీమీటరు చొప్పునే. ఎంత పెద్ద తుపానైనా దాంతో మీటరు లేవడం కష్టం. మిగతాదంతా గాలి నెట్టే నీరు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారానికి ఎదురు తిరుగుతుంది కాబట్టి, తుపాను వెళ్లే దారికి కుడివైపు తీరం మీదకి నీళ్లని తోస్తుంది. 1977 తుపాను చీరాల వైపు తీరం దాటింది, దివిసీమ సరిగ్గా కుడివైపు పడింది. సముద్రం లోతుగా ఉంటే ఆ నీరు కిందనుంచి వెనక్కి జారుకుంటుంది. మనది కృష్ణ మట్టి తెచ్చి పోసిన తీరం. చాలా దూరం దాకా లోతుండదు. వెనక్కి పోవడానికి దారి లేక నీరు పైకే లేస్తుంది.

గమనించారా, బందరు రేవు దెబ్బతినడానికి చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి. పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక మైళ్ల దూరంలో లంగరేసేవి, చిన్న పడవల్లో సరుకు మోసేవారు. 1639లో మద్రాసులో స్థలం దొరికాక ఇంగ్లీషువాళ్ల పెద్ద ఆఫీసు మెల్లగా అటు జరిగిపోయింది. మద్రాసు తీరం కూడా ఓడలకి గొప్పదేం కాదు, అక్కడ కోటకి అనుమతి దొరికింది, అదీ అసలు సంగతి. నేను ఆ పాత ఎపిసోడ్‌లో "ఉప్పెన వల్లే బందరు పడిపోయింది" అన్నాను. తప్పు. 1864 నాటికే ఊరు దిగిపోతోంది. మాంచెస్టరు మిల్లు బట్ట అద్దకాన్ని ముందే దెబ్బకొట్టింది.

మరి లెక్కపెట్టడం ఎప్పుడు మొదలైంది? 1864 అక్టోబరులో కలకత్తాలో కూడా భయంకరమైన తుపాను. ఆ తర్వాత కరువులు. ఇవన్నీ కలిసి 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. 1977 తర్వాత మన తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు, బందరులో తుపానుల్ని పసిగట్టే రాడార్ పెట్టారు. 1990 మేలో దాదాపు అంత బలమైన తుపానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. లక్షకు పైగా జనాన్ని ముందే కదిలించారు. ఆసారి రికార్డుల్లో ఉన్న సంఖ్య 967. చిన్న సంఖ్యేం కాదు. కానీ చివరి అంకె ఏడు చూడండి. ఎవరో కూర్చుని ఒక్కొక్కరినీ రాశారు.

ఆ చెల్లెలి పేరు అమ్మమ్మ నాకు చెప్పింది. వీడియోలో పెట్టనా అంటే, "ఊళ్లోవాళ్ల నోట్లో నానడం ఎందుకురా, నువ్వు రాసుకో చాలు" అంది. రాసుకున్నా. పాత ఎపిసోడ్ థంబ్‌నెయిల్ తీసేశాను. దాని బదులు దివిసీమ మ్యాప్ ఒక్కటే పెట్టాను, వ్యూస్ తగ్గాయి.

తిరుగు ప్రయాణంలో తొక్కుడు లడ్డు అరకిలో కొన్నాం. డాక్టరు తీపి తగ్గించమన్నా అమ్మమ్మ వారధి వచ్చేలోపే రెండు తినేసింది. మీ ఇంట్లో 77 నీళ్లు చూసినవాళ్లుంటే, నీళ్లు ఎంతవరకు వచ్చాయో, ఏ గోడ మీద గుర్తు చూపిస్తారో, ఏ ఊరో రాసి పంపండి. అన్నీ ఒక మ్యాప్ మీద పెడుతున్నా. పేర్లు మాత్రం వాళ్లు సరేనంటేనే. వచ్చే వారం పెడన, కలంకారీ అచ్చులు. ఉంటానండీ.